పూర్వుల పేర్లు – వ్రాతభేదములు



మన స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ, మహాసంప్రోక్షణ మహోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ ప్రత్యేక సంచికకు ఆలయచరిత్రను గూర్చి ఏదైన వ్రాయుమని కార్యవర్గమువారు నన్నడిగిరి. స్థలపురాణమును, ఉత్సవక్రమమును గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. నాకు అప్పగింపబడిన పని వేరు. తరతరములుగా స్వామివారికి భూమియో, దీపమో, నిత్యనైవేద్యమో సమర్పించిన కుటుంబముల పేర్లను మండపమున ఒక శిలాఫలకముపై చెక్కింపవలెనని తీర్మానించి, పేర్ల పట్టిక సిద్ధము చేయు భారము నాపై పెట్టిరి. పది దినములలో ముగియునని తలచితిని. రెండేండ్లు పట్టినది, ఇంకను పూర్తిగా ముగియలేదు. ఆలస్యమునకు కారణము పేర్లు దొరకకపోవుట కాదు, ఒక్కొక్క పేరు నాలుగేసి రూపములలో దొరకుట. ఈ పనిలో నేను గ్రహించిన కొన్ని సంగతులను, నేను చేసిన ఒక తప్పును ఇందు నివేదించుచున్నాను. పూర్వుల సంగతి తెలిసికొనగోరు మన గ్రామస్థులకును, దూరదేశములలోనున్న మన బిడ్డలకును ఇది కొంత ఉపకరింపవచ్చును.

నాకు ఆధారములు మూడు. ఒకటి ముఖమండపమున సున్నపు పొరల క్రింద మరుగుపడి, ఈ జీర్ణోద్ధరణలో బయటపడిన పాత రాతిపలక. రెండవది ఇనాం ఫెయిర్ రిజిష్టరు నకలు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషనువారు దేవాదాయ, బ్రహ్మాదాయ భూములను విచారించి ఆంగ్లమున వ్రాయించిన దస్త్రమది. అర్చక కుటుంబములకు, దేవాలయములకు దీని అవసరము ఎట్టిదో కోర్టు ముంగిట నిలిచినవారికి చెప్పనక్కరలేదు. మూడవది ఆలయపు జమాఖర్చు పుస్తకములు. రాతి మీద చెక్కినవాడు కాసె, రిజిష్టరులో వ్రాసినవాడు గుమాస్తా, జమాఖర్చు వ్రాసినవారము మేము. ముగ్గురును ఒకే మనుష్యుని పేరు వినిరి. ముగ్గురి చెవులు వేరు.

వేదాధ్యయనము చేసినవారికి ఈ విషయము క్రొత్త కాదు. గురుముఖమున వినుట మొదటిది, వ్రాత తరువాతది. స్వరము తప్పినచో అర్థము తలక్రిందులగుననుటకు త్వష్ట కథను చిన్ననాడే చెప్పుదురు. ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని హోమము చేయగా, ఉదాత్తము ఉండవలసిన చోట ఉండనందున ఇంద్రునిచే చంపబడువాడు వృత్రుడై పుట్టెను. అక్షరములు అవియే. సంహిత, పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును పలువిధములుగా వల్లించుట కూడ, ఒక పాఠమున వచ్చిన పొరపాటును వేరొక పాఠము పట్టియిచ్చుటకే. పేర్ల విషయమునను నేను ఇదే పద్ధతిని పాటించితిని. ఒక్క పత్రమును నమ్మక, పేరును పలుచోట్ల విని, వాటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూచితిని.

ముందు మన తెలుగు వ్రాతను గూర్చి చెప్పెదను. ఆంగ్లేయులు మన పేర్లను పాడుచేసిరని అనుకొనుట సులభము. తెలుగు వ్రాతయందే చిక్కులు చాల కలవు. పాత తాటాకులలో ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు గుర్తులలో భేదము పెక్కుచోట్ల పాటింపబడలేదు. శకటరేఫము పోయి సాధురేఫము వచ్చుటచే గుఱ్ఱమువారు గుర్రంవారైరి. వలపలగిలక మరియొక చిక్కు. రేఫము మీది అక్షరముతో కలియునపుడు ఆ అక్షరము ప్రక్కన తొమ్మిది అంకెను పోలిన గుర్తు పెట్టెడివారు. 'శర్మ' అనునది 'శమ౯' అని యుండును. రాతిపలకకు ఛాయాచిత్రము తీసికొని చదివిన ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, "తాతగారూ, ఇక్కడ శమ అనే పేరు ప్రక్కన తొమ్మిది అని ఉన్నది, తొమ్మిది వరహాలా, తొమ్మిది కుంటలా?" అని అడిగెను. అడిగినందులకు సంతోషించితిని. అడగకయే పుస్తకమున అచ్చు వేయించువారు ఉందురు.

ఇక ఆంగ్లము. అందు ట-త, డ-ద, ల-ళ, న-ణ అను భేదములు లేవు. హ్రస్వదీర్ఘములకు నిలుకడ లేదు. నెల్లూరున 1923లో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిన పొణకా కనకమ్మగారి ఇంటిపేరును ఆంగ్లమునుండి తిరిగి తెలుగు చేయువారు 'పొనక' అని వ్రాయుట చూచుచున్నాము. పూర్వపు దొరల వ్రాతలో మన హ్రస్వ అకారమునకు 'యు' అక్షరమును, ఉకారమునకు రెండు 'ఓ'లను వాడెడివారు. అందుచేతనే కడప వారి వ్రాతలో 'కుడ్డపా' వలె కనిపించును. కర్నల్ కాలిన్ మెకంజీ మన గ్రామముల కైఫీయతులను వ్రాయించి 1821లో గతించెను. ఆ మహాకార్యమున అతనికి కుడిభుజములై నిలిచిన ఏలూరి సోదరులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్యగార్లు. ఆంగ్ల గ్రంథములలో వారు 'కావెల్లి బొరియా', 'లచ్‌మియా' అయిరి. ఊరూర పేర్లను సేకరించినవారి పేర్లకే ఈ గతి పట్టినది. అయినను 'లచ్‌మియా' అనునది పూర్తిగా తప్పు కాదు. ఇంట్లోను వీధిలోను జనులు 'లచ్చుమయ్య' అనియే పిలుతురు. గుమాస్తా చెవికి సోకిన పలుకును అట్లే పట్టుకొనెను. పండితుడు వ్రాసినచో 'లక్ష్మయ్య' అని యుండెడిది. అప్పుడు ఆ మనుష్యుని ఊరివారు ఏమని పిలిచిరో మనకు తెలియకపోయెడిది. నేను వ్రాయబోవు తప్పునకు ఈ సంగతితో సంబంధము కలదు గనుక పాఠకులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

నెల్లూరు శాసనములను సేకరించి 1905లో మూడు సంపుటములుగా వెలువరించిన ఇరువురిలో ఒకరు బట్టర్‌వర్త్ దొర, రెండవవారు వేణుగోపాల చెట్టిగారు. ఆ సంపుటములపై చెట్టిగారి పేరులోని 'పాల' శబ్దము క్రైస్తవులు పెట్టుకొను 'పాల్' అను పేరు వలెనే వ్రాయబడినది. తెలియనివారు చూచి మతము నిర్ణయించినను నిర్ణయింపవచ్చును.

ఊర్ల పేర్లు మరింత జాగ్రత్తగా చూడవలసినవి. పాత ఆంగ్ల పత్రములలో ఏలూరు 'ఎల్లోర్', నెల్లూరు 'నెల్లోర్', తమిళదేశపు వేలూరు 'వెల్లోర్'. మొదటి అక్షరము చెదలు తినినచో మూడును ఒకటియే. మన తీరమున పాళెం, పాలెం అని రెండు విధములుగా పలుకు ఊర్లు ఆంగ్లమున 'పోలియం', 'పాలయం', 'పాలెం' అని మూడు నాలుగు రూపములలో ఉండును. కృష్ణపట్నము 'కిస్ట్నపటం' అయినది. ఆంగ్లేయులు 1626 ప్రాంతమున వర్తకస్థానము పెట్టిన దుగరాజపట్నము వారి దస్త్రములలో 'ఆర్మగాన్' అని యుండును. వారికి సాయపడిన ఆరుముగ మొదలియారు పేరిట ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. అచ్చటనుండియే ఫ్రాన్సిస్ డే అనువాడు 1640లో మద్రాసు చేరెను. ఒక మనుష్యుని పేరు పరభాషవారి నోట నలిగి ఊరి పేరై, నేటికిని అచ్చటి దీపస్తంభమునకు నిలిచియున్నది. దుగరాజపట్నము అని మాత్రమే వెదకువారికి పదునేడవ శతాబ్దపు పత్రము ఒక్కటియు దొరకదు.

ఊరు తెలిసినను జిల్లా తెలియవలెను. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిది. పిదప గుంటూరులో చేరెను. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ప్రకాశం జిల్లాకు పోయెను. 2022లో మరల మార్పులు జరిగెను. మీ తాతగారి తాతగారు 'నెల్లూరు జిల్లా' అని వ్రాయించియుండినచో, ఆ ఊరు నేడు వేరు జిల్లాలో ఉండవచ్చును.

ఈ వ్రాతభేదము రాజులకును తప్పలేదు. తిక్కన సోమయాజిగారు నిర్వచనోత్తర రామాయణమును అంకితమిచ్చిన మనుమసిద్ధి మహారాజు వంశమును మనము తెలుగుచోడులందుము. చోళ, చోడ యను రెండును ఒక్క పేరే. తమిళులు నేటికిని పలుకు ఴకారము ప్రాచీనాంధ్రమునను ఉండెడిది. అది మాసిపోయి కొన్నిచోట్ల డకారమైనది. వారి ఏఴు మన ఏడు అయినట్లే చోఴుడు చోడుడయ్యెను. దక్షిణ నెల్లూరు శాసనములు చాల తమిళమున ఉన్నవి. తమిళలిపిలో గ-క, డ-ట అను భేదము లేనందున, ఆ వంశీయుల 'గండగోపాల' బిరుదమును 'కంటకోపాల' యని చదువుటకును వీలగును. శాసనపరిశోధకులు ఇట్టివి ఎరిగి చదువుదురు గనుక ఆ రాజులు ఇద్దరు ముగ్గురు కాలేదు. మన వంటివారి తాతలకు అట్టి పరిశోధకులు ఎవ్వరున్నారు?

ఈ ళకార డకారముల తారుమారు మనకు దగ్గరి కాలమునను కలదు. సినీకవి ఆచార్య ఆత్రేయగారు 1921లో సూళ్లూరుపేట సమీపమున మంగళంపాడులో జన్మించిరి. వారి అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. శ్రీవైష్ణవులలో కిడాంబివారు రామానుజాచార్యుల శిష్యులైన కిడాంబి ఆచ్ఛాన్ పేర ప్రసిద్ధులు. కిళాంబి, కిడాంబి ఒక్కటియేనా యని ఎవరైన అడిగినచో, ధ్వనిని బట్టి కావచ్చునందును. కాని అంతటితో ఆగను. గోత్రమడుగుదును. ఆత్రేయ యనునది వారు కలంపేరుగా గ్రహించిన గోత్రనామము, కిడాంబివారిదియు ఆత్రేయగోత్రమే. అప్పుడు నా అనుమానమునకు బలము చేకూరును. పేరు, గోత్రము, ఊరు ఈ మూడింటిలో రెండైనను కలియనిదే ఇద్దరిని ఒకరని వ్రాయరాదు.

గోత్రమును సైతము కన్నులు మూసికొని నమ్మరాదు. ఇది మా వృత్తి రహస్యమని కొందరు కోపింతురేమో. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పవచ్చునని శాస్త్రసంప్రదాయము. కావున పాత అర్చనల పుస్తకములో కాశ్యప గోత్రమున్నంత మాత్రమున అది ఆ కుటుంబపు గోత్రమని నిశ్చయింపజాలము. ఆనాటి అర్చకుడు అడిగినపుడు వచ్చినవాడు తెలియదని యుండవచ్చును. ఆర్యవైశ్యుల నూటరెండు గోత్రములకు తెలుగు రూపము, సంస్కృత రూపము రెండును కలవు. ఒకే కుటుంబము ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు వేరొకటి చెప్పి అర్చన చేయించుకొనును. దత్తత పోయినవారికి గోత్రము, ఇంటిపేరు రెండును మారును.

మన తీరమునకు ప్రత్యేకమైన పేర్లు కొన్ని కలవు. పెంచలయ్య, పెంచలమ్మ, చెంగయ్య, చెంగాళమ్మ, కామాక్షమ్మ, మస్తానయ్య. పెంచలకోన నరసింహస్వామి, సూళ్లూరుపేట చెంగాళమ్మ, జొన్నవాడ కామాక్షమ్మ పేర్లివి. కసుమూరు దర్గాకు మ్రొక్కుకొని పుట్టిన హిందువుల బిడ్డలకును మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుదురు. పరదేశమునుండి వెదకువారు 'మస్తాన్' అని చూచి ఈ పేరు మాది కాదని పుట మడిచివేసిన సందర్భములున్నవి. చెంగయ్య, చెంచయ్య, చెన్నయ్య ఆంగ్లమున ఒకదానికొకటి అతి సమీపముగా ఉండును. మనుష్యులు ముగ్గురు, వ్రాత ఒక్కటి. ఇది వెనుకటి చిక్కునకు విలోమము.

మరియొక చిక్కు మన ఇండ్లలోనిది. మనుమనికి తాత పేరు పెట్టుట ఆచారము. కోడలు మామగారి పేరు పలుకదు. నాయనమ్మ భర్త పేరు పలుకదు. కావున ఆ బిడ్డ ఇంట 'అబ్బాయి'యో, 'పెద్దయ్య'యో అగును. బడిలోను, ఓటరు జాబితాలోను ఆ పిలుపే పేరుగా స్థిరపడిన సందర్భములు ఎన్నియో. తాత, మనుమడు ఇద్దరును ఒక పేరువారగుటచే నలుబది ఏండ్ల ఎడముగల రెండు పత్రములను ఒక్కని పేర కట్టి వానికి నూరేండ్లు దాటిన ఆయుర్దాయము ఇచ్చినవాడను నేను. స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు. 'ఫలానావారి భార్య' యని తప్ప పేరే లేని పుటలు అనేకము. ఇక కొందరు తమ పేరును తామే మార్చుకొందురు. అలగానిపాడున 1913లో జన్మించిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డిగారు కులసూచకమును విడిచి సుందరయ్యగా లోకమునకు తెలిసిరి. ఆయన విషయము అందరెరుగుదురు; సామాన్యుడు మార్చుకొన్నచో ఎవరెరుగుదురు?

ఇన్ని చిక్కులలో నాకు తోడ్పడినవి అంకెలు, చౌహద్దులు. ఇనాం పట్టాకు టైటిల్ డీడు నంబరుండును. పేరు నాలుగు విధములుగా వ్రాయబడినను ఆ నంబరు మారదు. పాత దస్తావేజులో తూర్పున ఎవరి పొలము, పడమట ఏ కాలువ అని వ్రాయుదురు. మన పలకపై ఒక పేరు, రిజిష్టరులో వేరొక పేరు ఉండగా, ఇద్దరి భూమికిని ఇరుగుపొరుగులు వారే అయినందున ఇద్దరును ఒకరేనని తేల్చితిని. 1984లో గ్రామకరణముల ఉద్యోగములు రద్దయిన పిదప వారి యిండ్లలోనుండిన పాత లెక్కలు ఎచ్చటెచ్చట పోయినవో కనుగొనుట కష్టమైనది. దొరికినంతవరకు ఇట్లు పొరుగువారిని సాక్షులుగా పిలుచుట మేలు.

ఇక నా తప్పు.

పదునాలుగేండ్ల క్రిందట దక్షిణాఫ్రికా డర్బను నగరమునుండి వృద్ధ దంపతులు మన ఆలయమునకు వచ్చిరి. 1860 అక్టోబరున మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను నౌక మొదలు 1911 వరకు, ఒప్పందపు కూలీలుగా లక్షన్నరకు పైగా జనులు భారతదేశమునుండి నేటాలు దేశమునకు పోయిరి. వారిలో తెలుగువారును పెక్కురు. అచ్చటి నాయుడుగార్లు తమ పేరును నేటికిని రెండు 'ఓ'లతో వ్రాసికొందురు. పోయిన తాత స్వంత పేరే మనుమలకు ఇంటిపేరైన కుటుంబములును కలవు. నౌక ఎక్కించునపుడు వ్రాసిన పట్టికలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, ఒంటి మీది మచ్చలు సహితము ఉండును. ఆ దంపతులు తమ ముత్తాత పుట నకలు తెచ్చిరి. జిల్లా నెల్లూరు. గ్రామము పేరు చివర 'పోలియం'. మనుష్యుని పేరు 'పెంచలూ' అనియు, 'పెంటచల్' అనియు చదువుటకు వీలుగా ఉన్నది. మాకు తెలుగు రాదు, తాతగారి ఊరు చూడవలెనని వచ్చితిమని ఆమె ఆంగ్లమున చెప్పగా మా అబ్బాయి తెలుగు చేసెను.

నేను జమాఖర్చు పుస్తకములు తీసి చూచితిని. ఆ పేరు లేదు. లేదని చెప్పితిని. తీర్థప్రసాదములు తీసికొని, కొంత ఇసుక మూట కట్టుకొని వెడలిపోయిరి. ఆమె కండ్లు తుడుచుకొనుట చూచితిని.

ఆ పేరు లేకపోవుటకు కారణము నేనే. ఇరువది ఏండ్లు దాటిన వయస్సున, వేదపాఠశాల నుండి వచ్చిన క్రొత్తలో, చెదలు పట్టిన పాత జమాఖర్చులను క్రొత్త పుస్తకములలోనికి ఎత్తి వ్రాయుమని మా తండ్రిగారు ఆజ్ఞాపించిరి. చదువుకొన్న గర్వము తలకెక్కియున్న కాలమది. అపశబ్దములు వ్రాయుటకు చేయి రాలేదు. లచ్చుమయ్యను లక్ష్మయ్య చేసితిని. నరసుడు నరసింహయ్య అయ్యెను. పెంచలకోనకు పెనుశిల యనునది సంస్కరించిన రూపము గదా యని, పెంచలులను, పెంచలయ్యలను అందరిని 'పెనుశిల నరసింహ' మని దిద్దితిని. పిదప పాత పుస్తకములను మూటగట్టి, దేవాలయపు కాగితములు కాలదన్నబడరాదని సంప్రదాయానుసారముగా సముద్రమున నిమజ్జనము చేసితిమి. గుమాస్తా తప్పు వ్రాసియుండినచో ఆ ధ్వనిని బట్టి పేరును పట్టుకొనియుండెడివాడను. నేను ఒప్పు వ్రాయుటచే ఆ దారి మూసికొనిపోయినది. డర్బను దంపతులు వచ్చిన నాడు ఈ సంగతి నాకు తట్టనేలేదు.

ఇప్పుడు సున్నము గీకగా వెలువడిన పలకపై ఏడవ వరుసలో, కాసెవాడు చెక్కిన పేరు 'పెంచలు' అనియే స్పష్టముగా ఉన్నది. తండ్రి పేరును, నందాదీపమునకు ఇచ్చిన భూమి కొలతయును ఉన్నవి. ఇంటిపేరు ఇచ్చట వ్రాయను. ఆ పేరుగలవారు నేటికిని గ్రామమున ఉన్నారు. ఆ దంపతులు నాడు ఇచ్చిన చిరునామా పాత పంచాంగములో దొరకగా ఉత్తరము వ్రాయించితిని. వారి కుమార్తె ప్రత్యుత్తరమిచ్చుచు పట్టిక ఛాయాచిత్రము పంపెను. తండ్రి పేరు గడిలో మొదటి రెండక్షరములు మన పలకతో కలియుచున్నవి, మిగిలినది మసకబారియున్నది. గ్రామము పేరు మన ఊరికిని, ఇచ్చటికి మూడు క్రోసుల దూరమున నున్న వేరొక పాళెమునకును సరిపోవుచున్నది. కావున అతడే ఇతడని నేను వ్రాయజాలను. కాడనియు వ్రాయజాలను. ఆ కుమార్తెకు అట్లే తెలిపితిని. ఉత్తరము అందునాటికి ఆమె తండ్రిగారు జీవించిలేరట. తల్లిగారికి చదివి వినిపించితినని వ్రాసెను.

తర్పణమున తండ్రి, తాత, ముత్తాత మువ్వురను నామగోత్రములతో పిలుతుము. ఆ ముత్తాత పేరు ఏమని పలుకవలెనో తెలియగోరి సముద్రము దాటి వచ్చినవారికి లేదని చెప్పి పంపితిని గదా యని ఇప్పటికిని ఆ వరుస చూచినపుడెల్ల మనస్సు కలుక్కుమనును.

క్రొత్త ఫలకమున పేర్లను దిద్దక, పాత పలకపై ఎట్లున్నవో అట్లే చెక్కింపవలెనని కార్యవర్గమునకు విన్నవించితిని. రిజిష్టరులో వేరు రూపమున్నచోట రెండవ రూపమును ప్రక్కన చిన్న అక్షరములతో చెక్కుటకు వారు సమ్మతించిరి. పేర్లు అందముగా లేవని ఒకరిద్దరు అభ్యంతరము చెప్పిరి. అధ్యక్షులు వారికి సమాధానము చెప్పిరి. చెక్కుడు పని మండలాభిషేకములు ముగిసిన పిదప ఆరంభమగును. అంతలోగా ఎవరి యిండ్లలోనైన పాత దస్తావేజులు, పంపకపు కాగితములు, పెండ్లి శుభలేఖలు, కాశీ గయల పండాలు వ్రాసియిచ్చిన చీటీలు ఉన్నచో, తప్పులు దిద్దక ఉన్నవి ఉన్నట్లు తెచ్చి చూపవలెనని ప్రార్థన. ముఖ్యముగా మూడు క్రోసుల దూరపు పాళెమునుండి ఉత్సవమునకు విచ్చేయు బంధువులను ఈ విషయము అడుగుడు. ప్రాతఃకాలారాధన ముగిసిన పిదప నేను ముఖమండపమునందే ఉందును.